ఆర్‌.ఈ.సీ.లో ‘ఆర్’ ఎవరిది?

ఏటూరునాగారంలో బస్సెక్కి హన్మకొండ మీదుగా కాజీపేట వైపు పోయే మన పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఆర్‌.ఈ.సీ. కాడ దిగుతం’ అనే అంటారు. ఆ కాలేజీ పేరు మారి ఇరవై ఏళ్లు దాటింది. బోర్డు మీద ఎన్‌.ఐ.టీ. అని ఉంది. అయినా జనం నోట పాత పేరే నిలిచింది. ఆర్ అంటే రీజనల్, అంటే ప్రాంతీయ. 2002లో ఆ అక్షరం తీసేసి ఎన్ పెట్టారు. ఎన్ అంటే నేషనల్, జాతీయ.

మేం అడిగేది చిన్న ప్రశ్న. ‘ఆర్’ ఉన్న నలభై మూడేళ్లలో మన ప్రాంతం అందులో ఉందా? ‘ఎన్’ వచ్చిన తర్వాత ఆ జాతిలో మనం ఉన్నామా?

మేం ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పుకునే ఆదివాసీ పంతుళ్లం. డి.ఎడ్. చదివినవాళ్లం. ఇంజనీరింగ్ కాలేజీ గురించి మాట్లాడటానికి మీరెవరని ఎవరైనా అడగవచ్చు. ఆ గేటు దాకా మన పిల్లల్ని పంపవలసిన వాళ్లం మేమే. పంపలేకపోతున్నదీ మేమే. అందుకే మాట్లాడుతున్నాం. ఈ మాటల్లో కొన్ని ప్రభుత్వానికి, కొన్ని ఆ కాలేజీకి, కొన్ని మాకు మేమే తగిలించుకోవలసినవి.

ముందు చరిత్ర తెలుసుకుందాం. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్ వచ్చి ఆ కాలేజీకి శంకుస్థాపన చేశారు. అవి రెండో పంచవర్ష ప్రణాళిక రోజులు. దేశంలో ఉక్కు ఫ్యాక్టరీలు, ఆనకట్టలు, కరెంటు కేంద్రాలు లేస్తున్నాయి. వాటిని కట్టడానికి, నడపడానికి ఇంజనీర్లు చాలడం లేదు. అందుకని కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఖర్చు పెట్టుకునే పద్ధతిలో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీలను మొదలుపెట్టారు. అన్నీ కలిపి 17 అయ్యాయి. వాటిలో మొట్టమొదటిది మన వరంగల్‌ది. సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు, సగం ఇతర రాష్ట్రాల పిల్లలకు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టాక దాని కిందికి వచ్చింది. 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అయింది. 2007 చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థల వరుసలో చేరింది. దేశదేశాల్లో పేరున్న ఇంజనీర్లు అక్కడి నుంచి వచ్చారు. ఆ గొప్పను మేం కాదనడం లేదు.

కానీ ఆ 17 కాలేజీల ఊర్ల పేర్లు ఒకసారి చదవండి. రూర్కెలా ఉంది. జంషెడ్‌పూర్ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీల కోసం ఆదివాసుల నేల పోయిన చోట్లు అవి. నేల ఇచ్చినవాళ్ల పిల్లలు చదవాలన్న ఆలోచనతో ఆ కాలేజీలు పుట్టలేదు. ఫ్యాక్టరీకి మనుషులు కావాలన్న ఆలోచనతో పుట్టాయి. ‘ప్రాంతం’ అన్న మాటకు వాళ్ల లెక్కలో రాష్ట్రం అనే అర్థం. గుట్టలు, వాగులు, గూడేలు అనే అర్థం మనం చెప్పుకున్నాం. ఆ అర్థాన్ని ఇప్పుడైనా ఆ మాటలోకి ఎక్కించాలన్నదే మా పోరు.

అదే 1959లో ఇంకొక పని కూడా జరిగింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్నే ఒకటి బై యాభై తొమ్మిది అంటారు. 1963లో అది తెలంగాణ ప్రాంతానికి వర్తించింది. 1970లో దానికి సవరణ చేసి పదును పెట్టారు. మనవాళ్ల నోట నానే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అదే. ఒకే సంవత్సరంలో రెండు మాటలిచ్చారు. నగరానికి కాలేజీ, అడవికి చట్టం. కాలేజీ సుమారు 250 ఎకరాల్లో లేచి నిలబడింది. చట్టం మాత్రం ఊరూరా కాగితం మీద ఉండి, కోర్టు వాయిదాల్లో తిరుగుతోంది. చట్టాన్ని కాపాడుకోవాలంటే లాయరు కావాలి, సర్వే గొలుసు పట్టేవాడు కావాలి, మ్యాపు చదివేవాడు కావాలి. ఆ మ్యాపు చదవడం నేర్పే చోటు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మన దగ్గరికి రాలేదు.

చదువు రాకపోయినా ఇంజనీరింగు మాత్రం మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. 1889లోనే ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. తర్వాత కొత్తగూడెంలో కరెంటు కేంద్రం వచ్చింది. మంగపేట మండలం కమలాపురంలో గుజ్జు ఫ్యాక్టరీ వచ్చింది. మన అడవి వెదురు తిన్నంత కాలం తిని 2014లో ఆగిపోయింది. దేవాదుల ఎత్తిపోతలు గోదావరి నీళ్లను మన ఊళ్ల పక్క నుంచే పైపుల్లో ఎక్కించి మీది ప్రాంతాలకు తీసుకుపోతున్నాయి. తుపాకులగూడెం బ్యారేజీకి మన తల్లి సమ్మక్క పేరు పెట్టారు. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా మండలాలనే కోసి పక్క రాష్ట్రంలో కలిపారు. ముంపులో ఊళ్లు వదిలే కుటుంబాల్లో పెద్ద సంఖ్య ఆదివాసులదే. ఇన్ని పనుల్లో గీత గీసేటప్పుడు బల్లకు అటువైపు ఇంజనీర్లు కూర్చున్నారు. మనం ఇటువైపు చేతులు కట్టుకుని నిలబడ్డాం. గ్రామసభలో నక్షా పరిచి ‘ఇక్కడి దాకా నీళ్లు వస్తయి’ అంటే, ఆ నక్షాలో మన గూడెం ఎటు ఉందో చూపించమని అడగడానికి కూడా నోరు రాలేదు. నోరు లేక కాదు. నక్షా మన భాష కాలేదు.

ఇక బడి దగ్గరికి వద్దాం. ఇది మా ఇంటి గుట్టు. చెప్పుకుంటే సిగ్గే, అయినా చెప్పాలి.

మేం పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో రెండేళ్లు లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉంది. తెలుగు సారు, వార్డెను కలిసి తొమ్మిది, పది తరగతుల లెక్కలు నెట్టుకొచ్చారు. ఆ బడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. బోరు మోటారు ఆగితే హాస్టలంతా వాడి కోసం వెతికేది. ఏ పుస్తకం చూడకుండానే ఊడదీసి, మళ్లీ బిగించి తిప్పేవాడు. పది పాసయ్యాడు. దగ్గర్లో ఉన్న జూనియర్ కాలేజీలో ఎం.పి.సి. చెప్పేవాళ్లు లేరు. సి.ఇ.సి.లో చేరాడు. ఇప్పుడు మండల కేంద్రంలో మోటారు వైండింగ్ షాపులో రోజు కూలి. మొన్న కలిసినప్పుడు అడిగాడు: ‘సార్, ఈ తీగ ఇన్ని చుట్లే ఎందుకు చుట్టాలె? సేటు చెప్తలేడు, నాకు తెల్వాలె.’ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఒక కాలేజీ కట్టారు. ఆ జవాబు కోరేవాడు షాపులో ఉన్నాడు. వాడిని అక్కడ వదిలింది ఎవరు? పోస్టు నింపని ఆఫీసు ఒకటి. ‘మనోళ్లకు లెక్కలు రావు, ఆర్ట్స్ తీసుకో’ అని సలహా ఇచ్చిన మేం రెండు.

అవును, మేమే ఆ మాట అన్నాం. ఎన్నోసార్లు అన్నాం. మనోళ్లకు లెక్కలు రావా? వేసవిలో తునికాకు కల్లం దగ్గరికి వెళ్లి చూడండి. ఒక కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50 వేల ఆకులు. కల్లేదారు పదిమంది మధ్య కట్టలు తిప్పేసి మోసం చేయబోతే, నాలుగో తరగతి పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి ‘మా అవ్వయి ఇంకా ఏడు కట్టలున్నయి’ అని పట్టుకుంటుంది. జూన్‌లో అదే పిల్ల బడికి వస్తే ఏడో ఎక్కం రాలేదని మేం గోడకు నిలబెడతాం. లెక్క పిల్లకు వచ్చు. మా లెక్క చెప్పే తీరే పిల్ల దాకా రాలేదు.

భాష సంగతి కూడా ఇందులోదే. ట్యాంకు నిండే లెక్క చెప్పేటప్పుడు ‘ఏరు’ అన్నామనుకోండి, తెలుగు పిల్లకు వాగు గుర్తొస్తుంది. మన కోయ పిల్లకు ఏరంటే నీళ్లు. ఒకే మాట రెండు దారులు పడుతుంది. ఆ పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021 నుంచి తెలుగులో కూడా రాయనిస్తున్నారు. మంచిదే. కానీ ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, కాలేజీలో ఇంకొకటి అయిన పిల్లకు మెట్టు మెట్టుకూ ఒక పంతులు చేయి అందించాలి. 1943లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం నడిచింది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. జోడేఘాట్‌లో కుమ్రం భీం నెత్తురు ఆరి మూడేళ్లయినా కాలేదు. నిజాం సర్కారుకు ఆనాడు తట్టిన బుద్ధి, ప్రజల ప్రభుత్వాలకు ఇన్నేళ్లయినా పూర్తిగా తట్టలేదు.

ఆ చేయి అందించే పంతుళ్లుగా మమ్మల్ని నిలబెట్టింది జి.ఓ. నంబరు 3. 2000 సంవత్సరం జనవరిలో వచ్చిన ఆ జి.ఓ. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసులకే అన్నది. మాలో చాలామంది ఇళ్లలో మొదటి జీతం ఆ జి.ఓ. పుణ్యమే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదన్నది. అప్పటికే ఉద్యోగంలో ఉన్న మమ్మల్ని కదపలేదు. కానీ మా తర్వాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్ల దారి మూసుకుపోయింది. పిల్ల భాష తెలిసిన పంతులు బడిలో తగ్గితే, ఆరో తరగతిలోనే లెక్క తెగుతుంది. ఆరో తరగతిలో తెగిన దారం ఎన్‌.ఐ.టీ. గేటు దగ్గర ముడి పడదు. జి.ఓ. 3 వేరు, ఇంజనీరింగ్ సీటు వేరు అనుకునే మన యువకులు ఈ మాట పట్టుకోవాలి. రెండూ ఒకే దారానికి రెండు కొసలు.

‘రిజర్వేషన్ ఉంది కదా, ఇంకేం కావాలి’ అంటారు. ఉంది. కేంద్ర సంస్థల్లో షెడ్యూల్డు తెగలకు ఏడున్నర శాతం ఉంది. ఎన్‌.ఐ.టీ.ల్లో చేరడానికి ఇంటర్‌లో మిగతావాళ్లకు 75 శాతం మార్కులు అడిగితే మనకు 65 అడుగుతారు. ట్యూషన్ ఫీజు కూడా మాఫీ. ఇవన్నీ గేటు లోపలి సౌకర్యాలు. గేటు దాకా వచ్చే దారి సంగతి ఎవరూ మాట్లాడరు. హన్మకొండలో కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు ఉంచి చదివించాలంటే లక్షలు కావాలి. పోడు చేసుకునే ఇంట్లో లక్ష అంటే ఎడ్లు, భూమి, ఆడపిల్ల మెడలో ఉన్నది అన్నీ కలిపినా రాదు.

ఇంకొక మాట. సీట్లు నిండాయని లెక్క చూపిస్తారు. ఎవరితో నిండాయి? కోయలెందరు, గోండులెందరు, కొండరెడ్లెందరు, కొలాములెందరు, తోటీలెందరు, చెంచులెందరు? చేరినవారెందరు, పట్టా తీసుకుని బయటికొచ్చిన వారెందరు, మధ్యలో సంచి సర్దుకుని ఇంటికొచ్చిన వారెందరు? ఈ లెక్క తెగలవారీగా ప్రతి సంవత్సరం బయట పెట్టాలి. ఇది ఏ సోదర తెగ మీదా కోపంతో అడుగుతున్నది కాదు. వెనకబడిన వాళ్లలో మరీ వెనకబడిన వాడు ఎక్కడ ఆగిపోయాడో తెలియకపోతే చేయి ఎవరికి అందించాలి?

‘మెరిట్’ అనే మాట కూడా ఉంది. మన ఊళ్ల నుంచి ఒక అమ్మాయి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఏ కాలేజీ అని చెప్పం. హాస్టల్‌లో మొదటి రోజు అడిగిన మొదటి ప్రశ్న పేరు కాదు, ‘ర్యాంకెంత?’ అని. ర్యాంకు చెప్పగానే ఆమె ఎవరో వాళ్లకు తెలిసిపోయింది. మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులు పోయాయి. దసరాకు ఇంటికొచ్చి తిరిగి పోనన్నది. వాళ్ల నాయన చదువుకోలేదు. ‘గట్టెక్కేటప్పుడు బరువు దించి కూసుంటరు బిడ్డా, కూసున్నోళ్లు దిగిపోతరా?’ అన్నాడు. ఆమె తిరిగి వెళ్లింది. నాలుగేళ్ల చదువు అయిదున్నరేళ్లకు పూర్తి చేసింది. వేరేవాళ్లు మైదానంలో నడిచి నాలుగేళ్లకు చేరారు. ఆమె గట్టెక్కి అయిదున్నరేళ్లకు చేరింది. ఎవరి కాళ్లలో బలం ఎక్కువో మెరిట్ మాట్లాడే పెద్దమనుషులు చెప్పాలి.

మనలో కొందరు యువకులు వేరే వాదన చేస్తారు. ‘ఈ ఇంజనీరింగే మనల్ని ముంచింది. ఆ చదువు మనకెందుకు? మన అడవి, మన ఇలవేల్పులు చాలు’ అంటారు. వాళ్ల బాధ మాకు తెలుసు. కానీ ఒకటి గుర్తు చేస్తాం. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచింది. మనవాళ్ల ప్రాణాలు పోయాయి. ఆ వాగు ఎంత వానకు ఎంత ఎత్తు లేస్తుందో, కరకట్ట ఎక్కడ కట్టాలో, వంతెన కాళ్లు ఎంత లోతు దింపాలో, ఊరికి గంట ముందు ఎలా కబురు చేయాలో చెప్పే చదువు ఉంది. దాన్నే ఇంజనీరింగు అంటారు. అది మన శత్రువు కాదు. అది ఇన్నాళ్లూ మన శత్రువుల దగ్గర కూలి చేసింది. మన పిల్లల చేతికొస్తే మన పని చేస్తుంది. విల్లు వంచడం, చేపల మావు అల్లడం, వాన వాసన పసిగట్టి విత్తనం చల్లడం తెలిసిన జాతికి ఈ విద్య కొత్తదేమీ కాదు.

కాబట్టి మేం అడిగేవి ఇవి.

ఒకటి, ప్రతి ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో లెక్కలు, సైన్సు పోస్టులు జూన్ బడి తెరిచే నాటికి నిండి ఉండాలి. జి.ఓ. 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం తేవాలి. అయిదో షెడ్యూలు ఉన్నది అందుకే.

రెండు, ఏజెన్సీలో ప్రతి మండలంలో ఎం.పి.సి. చెప్పే ప్రభుత్వ జూనియర్ కాలేజీ ల్యాబుతో సహా ఉండాలి. భద్రాచలం, పాడేరు లాంటి చోట్ల గిరిజన పిల్లల కోసం పెట్టిన రెసిడెన్షియల్ పాలిటెక్నిక్‌ల నుంచి ఇంజనీరింగు దాకా మెట్లు కట్టాలి. డిప్లొమాతో దారి ఆగిపోకూడదు.

మూడు, ఐ.ఐ.టీ.ల్లో షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు ఏడాది పాటు ముందస్తు కోర్సు ఉంది. వరంగల్ ఎన్‌.ఐ.టీ.లోనూ ఆదివాసీ పిల్లలకు అలాంటి ఏడాది కావాలి. ఆ ఏడాది భోజనం, వసతి ప్రభుత్వమే చూడాలి.

నాలుగు, ఆ కాలేజీ మన దగ్గరికి రావాలి. ఉన్నత విద్యాసంస్థలు పల్లెల సమస్యలు పట్టించుకోవాలని కేంద్రం 2014లోనే ఉన్నత్ భారత్ అభియాన్ పెట్టింది. నోటు పుస్తకాలు పంచి, ఫోటో దిగి పోయే రాకడ మాకొద్దు. జంపన్నవాగు లెక్క తీయండి. గుత్తికోయ గూడేలకు తాగునీరు ఎలా చేర్చాలో చెప్పండి. ఇప్పపువ్వు చెడిపోకుండా ఆరబెట్టే గది గీసి ఇవ్వండి. గీసే ముందు గ్రామసభలో కూర్చుని వినండి. మా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గీయండి.

ఇక మేం చేయవలసింది. ‘మనోళ్లకు లెక్కలు రావు’ అనే మాట ఇవాళ్టి నుంచి ఏ ఆదివాసీ పంతులు నోటా రాకూడదు. ఆరో తరగతి లెక్కల పాఠం మొదటి పది నిమిషాలు కోయలో, గోండీలో చెబుదాం. తునికాకు కల్లాన్ని, సంత తక్కెడను, వాగు మీద కర్ర వంతెనను తరగతిలోకి తెద్దాం. ఖాళీ పోస్టు ఉంటే ఊరి పెద్దలతో కలిసి ఐ.టి.డి.ఎ. ఆఫీసు ముందు కూర్చుందాం. డ్యూటీ పోతుందనే భయం మాకూ ఉంది. కానీ మోటారు షాపులో ఉన్న మా పిల్లవాడి ప్రశ్న దానికన్నా బరువుగా ఉంది. వచ్చే ఆదివారం నుంచి వాడు మా ఇంటికి వస్తున్నాడు. పాత ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం ఒకటి సంపాదించాం. అందులో సగం మాకే రాదు. కలిసి చదువుతాం.

యువ మిత్రులారా, ఆ కాలేజీ పేరులోంచి ‘ఆర్’ తీసేశారు. మన జనం నోట్లోంచి మాత్రం తీయలేకపోయారు. మన పెద్దలు తెలియక పాత పేరు పిలుస్తున్నారని నవ్వుకోకండి. ఆ అక్షరం మనకు రావలసిన బాకీ. బాకీ ఉన్నవాడి పేరు మారినా అప్పు మాఫీ కాదు. ఈసారి ‘ఆర్‌.ఈ.సీ. కాడ దిగుతం’ అన్నప్పుడు రోడ్డు మీదే ఆగకండి. గేటు లోపలికి నడవండి.